అల ఎంతెత్తు

స్లైగో తీరాన నవంబరులో
తెల్లవారడానికి కూడా బద్ధకమే.
ఎనిమిదయ్యాక గానీ నల్లరాళ్ళ మీదికి వెలుగు పాకదు.
అప్పటికే వాళ్ళు నీళ్ళల్లో ఉంటారు:
రాత్రంతా ఆవుకి పురుడు పోసి వచ్చిన పశువుల డాక్టరు బ్రోనా,
పైపులు బిగించే కాహల్,
మొదటి పీరియడు ఎగ్గొట్టిన బడిపిల్లలిద్దరు,
ఇంకా ఫింటన్. అరవై ఎనిమిదేళ్ళు.
పోస్టాఫీసులో రిటైరైన నెలలోనే బోర్డు కొన్నాడు.

గట్టు మీద నేను.
నా కెమెరా నా గుప్పెట్లో పడుతుంది.
లోపల అద్దం లేదు, అది లేచి పడే చప్పుడూ లేదు.
చిన్న కిటికీకి కన్ను ఆనిస్తే కనబడేది సముద్రం కాదు,
సముద్రం తాలూకు బొమ్మ.
రవ్వంత ఆలస్యంగా,
ఎవరో తర్జుమా చేసి చెబుతున్నట్టు.
అందుకే అల విరగకముందే నొక్కాలి.

డబ్లిన్ నుంచి వచ్చేవాళ్ళు
ఫిరంగుల్లాంటి లెన్సులు నిలబెడతారు.
వాళ్ళ ఫోటోల్లో కనుబొమల మీది చుక్కలు లెక్కపెట్టొచ్చు.
నా ఫోటోల్లో మనిషి ఆవగింజ.
"ఇందులో నేనేడీ?" అంటాడు కాహల్.
"ఇదిగో, ఈ నలుసు."
"అది నీటికాకి కాదూ?"
కొన్నిసార్లు నీటికాకే.

ఇరవై రెండేళ్ళు మందులషాపు వెనకగదిలో
ఊరందరి ఫిల్ములూ కడిగాను.
పెళ్ళిళ్ళు, బాప్టిజాలు, తలలు తెగిపోయిన అత్తగార్లు.
గుంపు ఫోటో ఏదైనా సరే
ఒకరు కళ్ళు మూసుకునే ఉంటారు.

ఫింటన్ అల ఎక్కడు. కూర్చుంటాడు,
చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చున్నట్టు.
మంచి అల వస్తే పక్కవాళ్ళకి వదిలేస్తాడు,
కౌంటరు దగ్గర ముసలమ్మకి దారిచ్చినట్టు.
"తర్వాతది నాది."
మూడు చలికాలాల బట్టీ తర్వాతదే.
నా కార్డు నిండా అతని వీపు.

ఆ మంగళవారం జల్లు.
లెన్సు మీద ఉప్పు పొరలా పేరుకుంది,
జేబులో గుడ్డ తడిసి ముద్దయింది.
స్వెట్టరు అంచు పైకి లాగి తుడుస్తున్నాను.
అప్పుడు లేచాడు.
ముందు మోకాళ్ళ మీద. తర్వాత ఒక పాదం. తర్వాత,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, మొత్తం మనిషి.
చేతులు చాపి, నోరు తెరుచుకుని,
మోకాలెత్తు అల మీద
నాలుగు సెకన్లు.
సరే, ఐదనుకుందాం.
కెమెరా పొట్టకి అదుముకుని
కళ్ళప్పగించి చూస్తుండిపోయాను.

నీళ్ళోడుతూ గట్టెక్కాడు.
"తీశావా?"
"చూశాను."
"తీశావా అని అడిగాను."
"తుడుస్తున్నా."
"మూడేళ్ళకి ఒక్క అల! నువ్వేమో తుడుస్తున్నావు!"
ఆకాశం వైపు తిరిగి తిట్టాడు,
నన్ను కాదన్నట్టు, నన్నే.
ఆ పూట ఫ్లాస్కులో టీ నాకు పొయ్యలేదు.

శుక్రవారానికి పబ్బులో ఆ అల నడుమెత్తు.
క్రిస్మస్‌కి ఛాతీ దాటింది.
"సాక్షివి నువ్వేగా, చెప్పు," అని కాహల్ కన్ను గీటాడు.
"నోరు తెరుచుకుని ఉన్నాడు, అది నిజం" అన్నాను.
"ఎత్తు సంగతి నన్నడక్కండి, లెన్సు మసక."
ఫోటో పడి ఉంటే
పాపం ఎప్పటికీ మోకాలి దగ్గరే ఆగిపోయేది.

జనవరిలో కార్డు ఖాళీ చేస్తుంటే దొరికింది.
నంబరు 7716. వేలు తగిలి దానంతటదే పడింది.
స్వెట్టరు ఉన్ని, లెన్సుకి మరీ దగ్గరగా:
మసక నీలం, పైకి ఎగిసి, ఒంగి,
అంచున తెల్లగా ఊడిన పోగొకటి.
చెరిపెయ్యబోయి ఆగాను.
ప్రింటు తీయించి, ఏమీ రాయకుండా,
అతని ఉత్తరాల పెట్టెలో వేశాను.

ఇప్పుడది వాళ్ళ వంటింట్లో, కెటిల్ పైన, ఫ్రేములో.
వచ్చినవాళ్ళు తల పైకెత్తి చూస్తారు,
అది వేలాడేది కంటి ఎత్తులోనే అయినా.
"అబ్బో," అంది బ్రోనా, "దీని కింద పడుంటే?"
ఫింటన్ నాకు టీ పోశాడు, రెండో కప్పు కూడా.
పొయ్యి వేడికి గది ఉడికిపోతోంది.
ఒంటి మీద అదే స్వెట్టరు.
కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుని
కూర్చున్నాను.